చదవకుండా ఇచ్చిన సలహాలు

పోయిన వారం వదినను మనం ఇస్త్రీ బల్ల ముందు, ఫోన్ బోర్లా పెట్టుకుని, ఆడపడుచు కోసం ఎదురు చూస్తున్న చోట వదిలిపెట్టాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. నిజానికి ఆవిడ ఒక్క మనిషికే వదిన. కాని ఆ ఒక్క మనిషి గొంతు పెద్దది కావడంతో మెట్ల మీద ఎదురయ్యేవాళ్ళు, మందుల షాపాయన, చివరికి నీళ్ళ మోటారు బాగుచేసే మనిషి కూడా ఆవిడను వదినగారనే పిలుస్తారు.

వచ్చిన చిక్కేమిటో మరోసారి చెప్పుకుందాం. వదిన ఒక కథల యాప్‌లో వారం వారం నవల రాస్తోంది. అచ్చు వేసేవాళ్ళు లేరు, దిద్దిపెట్టే సంపాదకులు లేరు. సొంతంగా రాసుకుని, సొంతంగా దిద్దుకుని, పైన పెట్టే బొమ్మ కూడా సొంతంగానే వెతుక్కునే రచయిత్రి. ఒక నర్సింగ్ హోమ్‌లో కాంపౌండర్ మాయమైపోతాడు. అతను ఏమయ్యాడన్నదే నవల. చదివేవాళ్ళు బాగానే కుదిరారు. సరిగ్గా అప్పుడు ‘ముందుచూపు’ అని పేరు పెట్టుకుని ఎవరో దిగారు. ప్రతి అధ్యాయం కింద, వచ్చే వారం ఏం జరగబోతోందో ఆ మనిషి ముందే రాసి పెట్టేవాడు. వచ్చే వారం అదే జరిగేది. జనం మొదట సరదాపడ్డారు. తరువాత అధ్యాయం వదిలేసి ఆ వ్యాఖ్య ఒక్కటే చదివి పోవడం మొదలుపెట్టారు. ‘ఇక మీరు రాయక్కర్లేదు లెండి, ఈయనే రాసేస్తున్నాడు’ అని ఒకావిడ నవ్వు బొమ్మతో సహా పెట్టింది. ఆ నవ్వు బొమ్మ తలుచుకుంటే వదినకు తిండి సహించడం లేదు.

తెలివైనవాడెవరో ఊహిస్తున్నాడని సరిపెట్టుకునేదే. పోయిన అధ్యాయం దగ్గర ఆ సరిపెట్టుకోవడం కుదరలేదు. కాంపౌండర్ కళ్ళజోడు దుప్పట్ల అల్మరాలో దొరికినట్టు వదిన చిత్తులో రాసింది. యాప్‌లో పెట్టబోయే ముందు మనసు మార్చుకుని, దాన్ని లిఫ్టు కింద పడేసింది. ముందుచూపు మాత్రం ‘కళ్ళజోడు దుప్పట్ల అల్మరాలో ఉంటుంది’ అని ఎప్పుడో రాసి పెట్టాడు. తప్పు చెప్పావంటూ జనం అతన్ని ఆటపట్టించారు. వదిన మాత్రం చిత్తు తెరిచి మళ్ళీ చూసుకుంది. ఊహించేవాడు ఎక్కడైనా తప్పు చేయవచ్చు. సరిగ్గా ఆమె చిత్తులో ఉన్న తప్పే చేయాలంటే ఆ చిత్తు చూసి ఉండాలి. ఆ చిత్తు ఆమె పంపింది ఒక్కరికే.

రేపు సాయంత్రం ఆఖరి అధ్యాయం పెట్టాలి. ఇంట్లోవాళ్ళు ఇల్లు దాటాక, వాళ్ళు తిరిగి వచ్చేలోగా దొరికే సందులో, ఈ గదిలో కూర్చుని రాసిన నవల అది. దాని ముగింపు కూడా ముందే బయటపడిపోతే, ఆవిడ రాసిందానికి అర్థం లేదు. అందుకే ఇవాళ తేల్చుకోవాలి. తేలితే ఆడపడుచు పోతుంది. తేలకపోతే నవల పోతుంది.

తలుపు తోసుకుని పిచ్చుక లోపలికి వచ్చింది. చిన్నప్పుడు పుల్లలా ఉండి రోజంతా కిచకిచలాడేదని ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. పుల్లలా ఉండడం పోయింది, కిచకిచ మిగిలింది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది.

“అబ్బా, మెట్లు! ఆ లిఫ్టు మళ్ళీ పడుకుందా? అన్నయ్య లేడా?”

“బండి సర్వీసింగ్‌కని వెళ్ళారు.”

“హమ్మయ్య, అయితే మనిద్దరమే. మా డాక్టరు ఇవాళ ఏమన్నాడో తెలుసా? ‘నోరు తెరవండి అనడానికి నేనున్నాను, నువ్వు కాస్త మూసుకో’ అన్నాడు. పేషెంట్ల ముందే!” అంటూ కుర్చీలో కూలబడింది.

“లే. అవి ఇస్త్రీ చేసిన దిండు గలీబులు.”

“ఇప్పుడు ఇంకా బాగా అవుతాయి, ఉండు.”

వదిన నవ్వలేదు. పిచ్చుక గలీబులు తీసి ఒళ్ళో పెట్టుకుని, వదిన మొహంలోకి చూసింది. “ఏమైంది? పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళలా అలా కూర్చున్నావేంటి?”

“దుప్పట్ల అల్మరా,” అంది వదిన.

“ఏ అల్మరా? సర్దాలా? ఇవాళ నా వల్ల కాదు తల్లీ, నడుం పట్టేసింది.”

ఎంత సహజంగా అంది! వదిన ఆ మొహాన్ని వెతికింది. ఇన్నాళ్ళూ చూస్తున్న మొహమే. పెళ్ళైన కొత్తలో, ఈ ఇంట్లో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియని రోజుల్లో, రాత్రి మిగిలిన పాలు తనతో పంచుకు తాగిన మొహం. ‘నువ్వు చెప్పే కబుర్లు కథల్లా ఉంటాయి, రాయొచ్చు కదా’ అని మొదట అన్నది కూడా ఆ మొహమే. అటువంటి మొహంలో దొంగతనం వెతకాల్సి రావడం వదినకు ఎంగిలి కంచంలో వేలు పెట్టినట్టే ఉంది. అయినా వెతికింది.

“పోయిన వారం నీకు అధ్యాయం పంపాను కదా. అందులో కళ్ళజోడు ఎక్కడ దొరికింది?”

“కళ్ళజోడా? అదే… ఆ చోటు భలే రాశావు వదినా. సస్పెన్స్ బాగా కుదిరింది. మధ్యలో కాస్త సాగింది గాని…”

“ఎక్కడ దొరికింది?”

“ఎక్కడ పెట్టారో అక్కడే.”

“ఎవరిదది?”

“డాక్టరుది.”

ఆ నవల మొత్తంలో డాక్టరుకు కళ్ళజోడు లేదు. వదిన కుర్చీలో కాస్త ముందుకు జరిగింది. ఎదుటిమనిషి కావాలని తప్పు చెబుతోందా, నిజంగానే తెలియదా? రాసే వాళ్ళకి ఇదొక జబ్బు; ఎవరేం మాట్లాడినా దాని వెనక ఇంకో మాట ఉందేమోనని చెవి అటే పోతుంది.

“సరే. కాంపౌండర్ సంగతేంటి? అతను నీకు నచ్చాడన్నావుగా.”

“నచ్చాడు. పాపం, మంచివాడు. ఆ పిల్లని పెళ్ళి చేసుకుంటే బాగుంటుంది.”

“ఏ పిల్లని?”

“ఉంటుంది కదా ఒక పిల్ల.”

“పిచ్చుకా, కాంపౌండర్ మొదటి అధ్యాయంలోనే మాయమైపోయాడు.”

“అంటే… మాయమైపోయి చేసుకుంటాడేమో అనుకున్నా.”

పిచ్చుక ఒళ్ళో ఉన్న గలీబును విప్పి, మళ్ళీ మడతపెట్టి, ఆ మడత నచ్చనట్టు మళ్ళీ విప్పింది.

“నేను చదవలేదు వదినా.”

“పోయిన వారందా?”

“పోయిన వారందీ.”

“దానికి ముందుది?”

“మొదటిది చదివాను. ఒట్టు. సగం దాకా చదివాను. పేషెంటు వచ్చాడు, పక్కన పెట్టాను. ఆ తర్వాత ఇంకోటి పంపావు. ఆ సగం పూర్తి చేశాక ఇది చదువుదామనుకున్నా. అంతలో ఇంకోటి పంపావు. నువ్వు ఆగుతావా? బట్టలుతికినట్టు రాస్తావు!”

వదినకు మొదట కోపం రాలేదు, అనుమానమే వచ్చింది. చదవనిదాన్ని చదివానని చెప్పడం లోకంలో ఉన్నదే. కాని తప్పించుకోవాలనుకున్నవాళ్ళు చదివినదాన్ని కూడా చదవలేదంటారు.

“నీ ఫోనివ్వు.”

“నమ్మవా?”

“ఇవ్వు.”

పిచ్చుక మొహం ఎర్రబడింది. అయినా ఫోను తెరిచి బల్ల మీద పెట్టింది. వదిన పంపిన అధ్యాయాలన్నీ వరుసగా ఉన్నాయి. ప్రతిదాని పక్కనా దించుకోమనే బాణం గుర్తు అలాగే ఉంది. పైన ఉన్న ఒక్కటి తప్ప దేన్నీ ముట్టుకోలేదు. పాలవాడు గుమ్మంలో పెట్టి వెళ్ళిన ప్యాకెట్లు వాకిట్లోనే ఎండిపోయినట్టు, ఆ అధ్యాయాలు అక్కడే పడి ఉన్నాయి.

ఆడపడుచు దొంగ కాదు. ఊపిరి పీల్చుకోవలసిన మాట. కాని వదినకు ఆ సంతోషం నిలవలేదు. దొంగిలించినా బాగుండేది. దొంగిలించడానికైనా చదవాలి కదా!

“మరి ఆ సలహాలన్నీ?” అంది చివరికి. “వారం వారం పంపావు. ‘మొదటి పేరా కొట్టెయ్, కథ రెండో పేరాలో మొదలవుతోంది’ అన్నావు. నేను కొట్టేశాను. నిజంగానే రెండో పేరాలోనే మొదలైంది.”

పిచ్చుక తల దించుకుంది. “సొంతంగా రాసుకునే రచయితలకి సలహాలని ఒకాయన నెట్‌లో పెడుతుంటాడు. ఎవరి మొదటి పేరా అయినా కొట్టెయ్యొచ్చట.”

“‘చెడ్డవాళ్ళకి కూడా ఒక మంచి గుణం ఉండాలి’ అన్నావు. హెడ్ నర్సు గురించే అన్నావనుకుని ఆవిడ చేత మొక్కలకి నీళ్ళు పోయించాను.”

“అదీ ఆయనదే.”

“‘వాతావరణంతో మొదలుపెట్టకు’ అన్నావు!”

“ఎందుకు, నువ్వు వాన పెట్టలేదా?”

“ఎక్కడ పెట్టాను? ఆ అధ్యాయమంతా లోపలి గదుల్లో జరిగింది. వాతావరణం ఎక్కడుందా అని ఒక పూటంతా వెతికాను. చివరికి ఫ్యాను గాలి దొరికితే దాన్ని కొట్టేశాను.”

పిచ్చుక పెదవులు బిగబట్టింది. భుజాలు కదిలాయి. ఆపుకోలేక ఫక్కున నవ్వేసి, వెంటనే గలీబుతో నోరు మూసుకుంది. “ఫ్యాను గాలా… వదినా, ఫ్యాను గాలా?”

వదినకు కూడా నవ్వు వచ్చింది, కాని దానితో పాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఆ సలహాలు చూసి ఆమె ఎంత పొంగిపోయింది! తన వాక్యాలను ఇంత శ్రద్ధగా పట్టుకు చదివే మనిషి తన వాళ్ళలోనే ఉందని, పెద్ద పెద్ద రచయితలకు కూడా ఇలాంటి చదువరి దొరకదని అనుకుంది. ఎవరో ఊరూ పేరూ తెలియని ఆయన అందరికీ చెప్పిన మాటల్ని తన ఒక్కదానికి చెప్పినట్టు మూట కట్టుకుంది.

“ముందే చెప్పాల్సింది,” అంది.

“ఎలా చెప్పను? ప్రతిసారీ ‘ఎంత బాగా పట్టుకున్నావే’ అనేదానివి. మా క్లినిక్‌లో నన్ను ఎవరూ అలా అనరు.”

ఆ మాట వదినకు ఎక్కడో తగిలింది. కాని ఇప్పుడు దాని వెంట పోవడానికి లేదు. బల్ల మీద ఫోను ఇంకా బోర్లానే ఉంది. అందులో ముందుచూపు ఉన్నాడు. పిచ్చుక చూడని చిత్తును ఇంకెవరు చూశారు?

“మీ అన్నయ్యా?” అని పైకే అనేసింది.

“అన్నయ్య కరెంటు బిల్లు కూడా పూర్తిగా చదవడు వదినా. పోనీ కంప్యూటర్‌లోకి ఎవరైనా దూరారేమో.”

“అలా అయితే లిఫ్టు కిందకి మార్చింది కూడా తెలిసేది. అల్మరా దగ్గరే ఎందుకు ఆగిపోతాడు? ఆ రెండింటికీ మధ్య ఏం తేడా ఉంది?” వదిన లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది. “అల్మరాది శుక్రవారం రాశాను. నీకు పంపాను. పైకి చదువుకున్నాను. సోమవారం పెట్టే ముందు మార్చాను. టైం లేక మళ్ళీ…” అని ఆగిపోయింది.

“మళ్ళీ?”

“మళ్ళీ పైకి చదవలేదు.”

“పైకెందుకు చదవడం?”

“నువ్వే కదా చెప్పావు! ‘రాసింది పైకి చదువుకో, నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం చెడినట్టు’ అని. సరే, అదీ ఆయనదేలే. అప్పటినుంచి ప్రతి అధ్యాయం చదువుతున్నాను, గొంతులు మార్చి మరీ. హెడ్ నర్సుకు ముక్కుతో, డాక్టరుకు దగ్గుతో.”

“ఎక్కడ?”

“ఇక్కడే.”

ఇద్దరూ ఒకేసారి కిటికీ వైపు తిరిగారు.

ఆ కిటికీ రోడ్డు మీదకు తెరుచుకునేది కాదు. రెండు భవనాల మధ్య గొట్టాలు దిగిన ఇరుకు సందు మీదకు తెరుచుకుంటుంది. ఎదుటి గోడకూ ఈ గోడకూ మధ్య ఒక చీపురు అడ్డం పెడితే రెండు కొనలూ ఆనేంత ఎడం. అటూ ఇటూ, పైనా కిందా అన్ని వాటాల వంటిళ్ళూ స్నానాల గదులూ దాని మీదకే తెరుచుకుంటాయి. ఎవరింట్లో ఏం మాడిందో, ఎవరు ఎవరి మీద విసుక్కున్నారో ఆ సందుకు తెలుస్తుంది. అక్కడినుంచి వచ్చే చప్పుళ్ళు వదిన ఎన్నోసార్లు విన్నది. వాడుకోదగ్గ సంభాషణ దొరికితే రాసుకున్నది కూడా. తన గొంతు కూడా అటు పోతుందన్న సంగతి మాత్రం ఒక్కనాడూ తట్టలేదు.

“అంటే నవలంతా రేడియోలో వేసినట్టు వేశావన్నమాట,” అంది పిచ్చుక గొంతు తగ్గించి. గొంతు తగ్గించడం ఆమెకు అలవాటు లేని పని కావడంతో అది గురకలా వినిపించింది. “ఆఖరి అధ్యాయం కూడా చదివేశావా?”

“బుధవారం చదివాను.”

“అయ్యో.”

“నిజంగా ఆ దారినే పోయిందో లేదో, ముందు అది తేల్చుకోవాలి.”

“తేలుస్తా ఉండు. ఇప్పుడొక ముగింపు చదువు. అబద్ధపుది. మనం అనుకున్నదే అయితే ముందుచూపుగారు అదే పెడతారు.”

వదిన కొంచెం తటపటాయించింది. తరువాత కిటికీ రెక్కలు రెండూ బారుగా తీసి, చేతిలో కాగితమేమీ లేకుండానే, చదువుతున్నట్టు మొదలుపెట్టింది.

“తలుపు చాటునుంచి డాక్టరుగారి తల్లి బయటికి వచ్చింది. ఆవిడ చేతిలో సూది మెరిసింది. ‘కాంపౌండర్ని వెతికింది చాలు,’ అందావిడ. ‘వాడికి ఆ రోజు మందు ఎక్కించింది నేనే.’”

“అమ్మో, ఆవిడా!” అంది పిచ్చుక గుండెల మీద చెయ్యి వేసుకుని.

“ఆవిడెవరో కూడా నీకు తెలీదు,” అని వదిన గుసగుసగా కసిరి, గొంతు సవరించుకుని ఇంకో నాలుగు వాక్యాలు అల్లింది. తల్లి ఏడ్చింది. డాక్టరు దగ్గాడు. హెడ్ నర్సు కుండీలో నీళ్ళు పోసింది. సమాప్తం.

ఎదురు చూశారు. సందులో కుళాయి పారుతున్న చప్పుడు. పై వాటాలో బట్టల మిషను గుడగుడలాడుతోంది. ఎవరో గిన్నెలు బోర్లిస్తున్నారు. పిచ్చుక గోళ్ళు కొరుక్కుంది. వదిన ఫోన్ వెల్లకిలా తిప్పి, తెర ఆరిపోకుండా మాటిమాటికీ వేలితో తాకుతూ కూర్చుంది.

ఫోన్ గుర్రుమంది.

పోయిన అధ్యాయం కింద, ముందుచూపు పేరు మీద, కొత్త వ్యాఖ్య. ఇద్దరూ తలలు ఆనించి చదివారు.

‘డాక్టరుగారి తల్లి కాదు లెండి. బుధవారం చదివిన ముగింపే ఉంచండి. మార్చకండి.’

“దొరికారు!” అని పిచ్చుక ఒక్క గెంతు గెంతి కిటికీ దగ్గరికి పోయి, తల బయటికి పెట్టింది. ఇప్పుడిక గొంతు తగ్గించే ప్రసక్తి లేదు. “ఎవరండీ అది? ఏ ఫ్లోరండీ? సిగ్గు లేదూ, ఒకరింట్లో చదువుకుంటుంటే చెవులు పెట్టి వినడానికి?”

కుళాయి చప్పుడు ఠక్కున ఆగిపోయింది. ఎవరు కట్టేశారో తెలియలేదు. అన్ని కిటికీలూ ఒకేలా ఉన్నాయి. కొన్నిటికి తెరలు, కొన్నిటికి ఆరేసిన తువ్వాళ్ళు. ఏ తువ్వాలూ కదల్లేదు.

సరిగ్గా అప్పుడే వదిన చేతిలో ఫోను మళ్ళీ గుర్రుమంది. ఈసారి వ్యాఖ్య కాదు; ఆమె ఒక్కదానికే కనిపించే విడి మెసేజి.

‘వినకూడదనుకుంటూనే విన్నాను. విన్నది అందరికీ కనబడేలా రాయడం నా తప్పు. మీరు చదివేది వింటున్నానని మీకు తెలియజెయ్యడానికి ఇంకో దారి తోచలేదు. బుధవారం, కాంపౌండర్ చెప్పులు చేత పట్టుకుని మెట్లెక్కిన వాక్యం దగ్గర మీ గొంతు ఆగింది. నా చేతిలో పని కూడా ఆగింది.’

వదిన కిటికీ నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. భయమే. కాని ఆ భయం అడుగున, సిగ్గుపడాల్సినంత సంతోషం కదిలింది. ఆ వాక్యం రాయడానికి ఎంత తిప్పలు పడిందో ఆమెకే తెలుసు. అది ఒకరికి చేరింది. చేరవలసినవాళ్ళకు కాదు, గోడ అవతల దాక్కున్న ఎవరికో. తెర కిందికి జరిపింది. ఇంకా ఉంది.

‘ఇప్పుడు చెప్పాల్సింది నవల గురించి కాదు. మీ ఇంటి గురించి. ఈ సందులోకి మీ గొంతు ఒక్కటే రాదు. మీరు ఇంట్లో లేనప్పుడు ఇంకో రెండు గొంతులు వస్తాయి. మీ ఆడపడుచు వెళ్ళాక, మీవారు వచ్చేలోగా, కిటికీ దగ్గరికి రండి. వాళ్ళిద్దరిలో ఏ ఒక్కరున్నా వద్దు.’

“ఏమొచ్చింది?” అంది పిచ్చుక కిటికీ దగ్గరినుంచి తిరిగి.

“ఏం లేదు. ఎవరో… బాగుందని పెట్టారు.”

ఇంత సులువుగా అబద్ధం ఆడగలనని వదిన అనుకోలేదు. నాలుక ఎక్కడా తడబడలేదు. ఇందాక బాణం గుర్తులు చూసి కడిగేసుకున్న అనుమానం, కడిగిన చోటే మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆమె లేనప్పుడు ఈ ఇంట్లో మాట్లాడుకునే ఆ ఇద్దరూ ఎవరు? అన్నాచెల్లెళ్ళు ఆమె చాటున మాట్లాడుకునేది ఏముంటుంది? లేక ఆ రెండు గొంతుల్లో ఒకటి అసలు ఈ ఇంటిదే కాదా?

ఫోన్ పిడికిట్లో బిగించి ఆడపడుచు వైపు చూసింది. పిచ్చుక ఆ చూపును ఇంకోలా అర్థం చేసుకున్నట్టుంది. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

“ఇంకా కోపంగానే ఉంది కదూ? ఉండాలి. నేనైతే నా మొహం కూడా చూసేదాన్ని కాదు. అందుకే ఒకటి అనుకున్నా. ఇవాళ నేనెక్కడికీ వెళ్ళను. మొదటి అధ్యాయం నుంచి మొత్తం ఇక్కడే కూర్చుని చదువుతా. సలహాలు గిలహాలు ఏం ఇవ్వను, చదువుతా అంతే.”

“ఇవాళ వద్దులే పిచ్చుకా. నడుం నొప్పన్నావు. ఇంటికెళ్ళి పడుకుని…”

“నడుం సంగతి వదిలెయ్.” కుర్చీని బరబరా కిటికీ కిందికి లాక్కుని, వెలుతురు వెనకనుంచి పడేట్టు కూర్చుని, పిచ్చుక మొదటి అధ్యాయం తెరిచింది. తెరుస్తూనే ఆమె ఫోను మోగింది. “ఆఁ అన్నయ్యా… ఇక్కడే ఉన్నా… అవునా? సరే, సరే.” పెట్టేసి, తల ఎత్తకుండానే అంది.

“అలా నిలబడిపోయావేం వదినా, కూర్చో. అన్నయ్య మన వీధి మొదట్లోకి వచ్చేశాడట.”